తలకట్టు లేని అక్షరాలు

నాన్న కళ్ళకు శుక్లాలు ముదిరాక
బహీలు చదివే పని నాకొచ్చింది.
హరిద్వార్‌లో మా సందుకి ఎండ పదకొండైతే గానీ రాదు.
అందాకా ట్యూబులైటు కిందే
ఊళ్ళ వంశాలు విప్పుతుంటాను.
బారెడు పొడవు, జానెడు వెడల్పు, ఎర్రగుడ్డ చుట్ట.
విప్పితే ముందు తుమ్ము వస్తుంది,
తర్వాతే ముత్తాత.

ఇవాళ పానిపట్టు నుంచి సుదేశ్ చుగ్ వచ్చింది.
ఒళ్ళో వాళ్ళమ్మ అస్థికలు, చెప్పులకి దూది పీచు.
సముద్రాలు దాటొచ్చిన పాత కోట్లు
రంగుల వారీగా చింపి మళ్ళీ దారం తీసే మిల్లు ఆమెది.
"జేబుల్లో ఎవరివో బస్సు టిక్కెట్లు దొరుకుతాయి," అంది,
"పారెయ్యబుద్ధి కాదు."

ఊరడిగాను. పానిపట్టు కాదమ్మా, అసలు ఊరు.
కాసేపు తడుముకుంది.
"ఝంగ్," అంది,
ఎన్నడూ చూడని ఊరిని
పంటి కింద రాయిలా జాగ్రత్తగా బయటికి తీసి.

దొరికింది.
సంవత్ 1931. టెహల్‌రామ్. కాలినడకన, నలభై రెండు రోజులు.
దారిలో తమ్ముడు పోయాడు, పేరు రాయించాడు.
1946. కొడుకు ముల్ఖ్‌రాజ్. రైల్లో.
రైలు గురించి నాలుగు వాక్యాలు,
తండ్రి అస్థికల గురించి ఒకటి.
1957. గడిచిన ఏటి కరువులో ఇద్దరు పిల్లలు. పేర్లు చెప్పలేకపోయాడు.
2004. వజీర్‌చంద్. ఒక్కడే.
ఎలా వచ్చాడో లేదు.
ఆ పేజీలో మా తాత చేతిరాత వంకరపోయింది.
2049. మారుతి కారు. తెల్లది.
రంగు కూడా రాయించారు.

ముల్ఖ్‌రాజ్ పక్కన, అంచులో, చీమల బారులా ఒక బాకీ:
గోవు ఇస్తానన్నాడు. ఇవ్వలేదు.

సుదేశ్ పగలబడి నవ్వింది. ఆ నవ్వులోనే
అమ్మ కోసం ఏడవటం మొదలుపెట్టింది.
ముక్కు తుడుచుకుని అడిగింది:
"ఇప్పుడు ఆవు ఎంతుంది?"
నాన్న సిగ్గుపడ్డాడు.
తమ్ముడు సిగ్గుపడకుండా
క్యూఆర్ కోడ్ అట్టముక్క ముందుకు జరిపాడు.
నూట ముప్పై అయిదేళ్ళు ఎక్కడో మేసిన ఆవు
టింగుమని ఇంటికొచ్చింది.

తర్వాత కొత్త పేర్లు.
కొడుకు అంగద్. కోడలు ఐజ్వాల్ పిల్ల, లాల్‌రిన్‌పుయి.
గుమ్మంలో బూట్ల ముడి విప్పుకుంటోంది.
"గోత్రం?" నాన్న అలవాటుగా.
"మాకు ఉండదండీ. తెగ పేరు రాల్తే. అది చాలా?"
నాన్న రెండుసార్లు పలికి చూశాడు,
నోట్లో కొత్త మిఠాయిలా. "రాయి," అన్నాడు.

మా పాత లిపికి తలకట్టు లేదు, గుడి లేదు, కొమ్ము లేదు.
ఉన్నవి ఎముకలే,
ఊపిరి చదివేవాళ్ళు పొయ్యాలి.
ల ల ర న ప య.
నూరేళ్ళకి ఎవరో విప్పి, తుమ్మి,
లాలారానీపియా అని చదువుతారేమో.
పక్కన నాగరిలో కూడా రాశాను.
ఆ పిల్ల తన అక్షరాల్లో తనే రాస్తానంది.
కలం ఇచ్చాను. నాన్న చూడలేదు,
లేదా చూడనట్టు కూర్చున్నాడు.
శుక్లాలకి ఆ సుఖం ఉంది.

తమ్ముడు పేజీ పేజీకీ ఫొటో తీస్తున్నాడు.
అన్నీ మేఘంలో దాస్తారట.
"మేఘంలోనా?" అన్నాడు నాన్న.
"అయితే ఎప్పటికైనా గంగలో పడాల్సిందే."

లేస్తూ సుదేశ్ అడిగింది:
"మరి నీ పేరు ఏ పుస్తకంలో ఉంది?"
ఆడపిల్లని పుట్టింటి బహీలో రాయరు,
అత్తింటి బహీలో రాస్తారు.
నేను ఏ అత్తింటికీ వెళ్ళలేదు.
ఇంతమంది ముత్తవ్వలూ ఇలాగే
రెండు పుస్తకాల మధ్య జారిపోయారు కాబోలు.
ఆమెకి అదేం చెప్పలేదు. నవ్వాను.

ఒక దొంగతనం మాత్రం ఉంది.
సిరా ఆరేలోపు, పేజీ అడుగున,
ఎవరూ చూడని మూల
ఒక్క హల్లు పెడతాను. మ.
మధూలికో, మందాకినో, మట్టో,
చదివేవాళ్ళ ఇష్టం.

బయట ఎవరో చెప్పులు విడుస్తున్నారు.
ఊరడగాలి.
అసలు ఊరు.